ముసుగు ఎక్కడ గీయాలి

పగలంతా నేను చీమకుర్తి బస్టాండు పక్కన
పుట్టినరోజు మొహాలు తెల్లబరుస్తాను.
ఓణీల ఫంక్షను పిల్ల వెనక జలపాతం పెడతాను,
కన్నీటి నివాళి తాత వెనక మబ్బులు.
రెంటికీ ఒకటే ఫోల్డరు.

రాత్రి తొమ్మిదికి షట్టరు సగం దించి
మిగిలిపోయిన ఫ్లెక్సు ముక్క తిరగేస్తే
తెల్లటి వీపు.
మా వీరులు దానిమీద పుడతారు.

ఆట మాదే, నియమాలూ మావే:
సలోమి నైట్ డ్యూటీల్లో రాసిన
రెండొందల పేజీల నోటుబుక్కు.
పాచిక కాలేషా కోసి తెచ్చాడు,
పాలిషింగు ఫ్యాక్టరీ పారేసిన గెలాక్సీ ముక్కలోంచి.
నల్లరాయి, లోపల బంగారు నలుసులు.
ఒక అంచు అరిగి మూడు ఎక్కువ పడుతుంది.
దాన్ని కూడా నియమంగా రాసుకున్నాం.

మనిషికో పేజీ.
పేరు. అసలు పేరు. శక్తి. బలహీనత.

కాలేషా వీరుడు నీటిగీత.
ఎండిన బోరు పక్కన అరచెయ్యి ఆనిస్తే
వెయ్యి అడుగుల కింద తడి ఎటు జరిగిందో చెబుతాడు.
బలహీనత: ఎవరడిగినా కాదనలేడు.
"కండలు పెట్టబ్బా" అన్నాడు, పెట్టాను.
"ఇంకాస్త" అన్నాడు.
ఎవరిదో సన్మానం ఫ్లెక్సులోంచి
శాలువా తీసేసి భుజాలు తెచ్చి అతికించాను.

సలోమి మేనకోడలు వెంకాయమ్మకి ఏడేళ్ళు.
తన మనిషి కరెంటు పిన్ని.
ఆమె తుమ్మితే ఊరంతా కరెంటు వస్తుంది.
బలహీనత: తుమ్ము రాదు.

మాల్యాద్రి మాత్రం నెలరోజులు
ఎవరో ఒకరి తరఫున పాచిక వేశాడు గానీ
తన పేజీ ఇవ్వలేదు.
క్వారీలో డ్రిల్లు పట్టే చేతులు,
ఆదివారం కూడా కాస్త అదురుతూనే ఉంటాయి.
ఓ రాత్రి జేబులోంచి మడత కాయితం తీశాడు.

పేరు: తెరిపి.
అసలు పేరు: ఖాళీ.
శక్తి: ఒక్కసారి పీలిస్తే కొండదుమ్మంతా తనలోకి వచ్చేస్తుంది.
కింద గుడిసెల్లో అన్నం తెల్లగా ఉంటుంది.
బలహీనత: వదలడం రాదు.

సలోమి చదివి ఏమీ అనలేదు.
రోజూ ఎక్స్‌రేలు మోసే పిల్ల.
నోటుబుక్కు తెరిచి
"ఈ శక్తి రోజుకి మూడుసార్లే" అని రాసి
కింద రెండు గీతలు గీసింది,
రెండోది కాయితం చిరిగేలా.

బొమ్మకి కూచున్నాను.
గుండెమీద గుర్తు, వెనక ఎగిరే గుడ్డ,
కళ్ళచుట్టూ ముసుగు. అలవాటుగా చెయ్యి అటే పోయింది.
మాల్యాద్రి తల అడ్డంగా ఊపాడు.
"కళ్ళకెందుకు? నన్ను గుర్తుపడితే ఏమైద్ది?
కిందకి దించు. ముక్కూ, నోరూ."

తుడిచాను. దించాను.
కళ్ళు బయటపడ్డాయి.
రెప్పలమీద బూడిదరంగు వెయ్యమన్నాడు.
దానికి ఏ ఫోల్డరూ తెరవలేదు.
గుమ్మం దగ్గర గచ్చుమీద వేలు రాస్తే సరిపోయింది.

ఇక మిగిలింది విలన్.
కొమ్ములన్నాడు కాలేషా. తోక, అంది వెంకాయమ్మ.
"మామూలుగా గియ్యి" అన్నాడు మాల్యాద్రి,
"తెల్లచొక్కా. నవ్వతా ఉండాల."
కాలరు దాకా వచ్చి చెయ్యి ఆగింది.
ఈ చొక్కా ముడతలు నేనెప్పుడో తీశాను,
ఈ నవ్వులో పళ్ళు నేనే తోమాను.
బుధవారం ఆయన పుట్టినరోజు.
ఇరవై బై పది, ఆరు కాపీలు,
అడ్వాన్సు నా జేబులోనే ఉంది.

ఎవరూ మాట్లాడలేదు.
బయట బండరాయి మోస్తూ లారీ పోయింది.
షట్టరు అదిరింది, బల్ల అదిరింది,
ఎవరూ వెయ్యని పాచిక
దానంతటదే దొర్లి
అంచు దాకా పోయి ఆగింది.

మూడు.

"ఇది లెక్కేనా?" అంది వెంకాయమ్మ.
సలోమి నోటుబుక్కులో వెతుకుతోంది.